అప్‌డేట్ ఈ రోజే కొట్టాలా, ఆదివారం దాకా ఆగాలా? లినక్స్ వాడేవాళ్ళకు ఒక పోలిక

కర్నూలు కలెక్టరేట్ దగ్గర నేను చూసుకునే జిరాక్సు షాపు ఒకటుంది. పొద్దున పది దాటితే అక్కడ నిలబడటానికి చోటుండదు. ఆధార్ కాపీలు, అర్జీలు, హాల్ టికెట్లు, అఫిడవిట్ టైపింగులు. సరిగ్గా ఆ రద్దీలోనే ఉబుంటు (విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో ఒక రకం) తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది, అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయి, ఇప్పుడే వేయమంటారా అని. షాపాయన వెంటనే నాకు ఫోన్ చేస్తాడు. "అన్నా, కొట్టాల్నా వద్దా? కొడితే మళ్ళా ప్రింటర్ పోతాదేమో!"

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ఆ షాపులో ఉన్న లేజర్ ప్రింటర్‌కు డ్రైవర్ ఒకటి, దానితో పాటు కంపెనీ ఇచ్చే ప్లగిన్ ఒకటి కావాలి. రెండింటి వెర్షన్ ఒకటే అయి ఉండాలి. రెండేళ్ళ కిందట నేను ఉబుంటు వెర్షన్ మార్చినప్పుడు డ్రైవర్ కొత్తదైంది, ప్లగిన్ పాతదే ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక్క కాగితం బయటికి రాలేదు. ఆ రోజు ఆయనకు పోయిన బేరం నాకింకా గుర్తుంది. తప్పు నాదే. ఆదివారం రాత్రి ఆ పని పెట్టుకొని, ఒక్క పేజీ కూడా ప్రింట్ తీసి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాను.

ఈ షాపు కాక ఇంకో మూడు చోట్ల మిషన్లు చూసుకుంటున్నాను. నంద్యాల రోడ్డులో ఒక బడి ల్యాబు, అందులో మింట్ అనే ఇంకో రకం లినక్స్ వేసిన 20 కంప్యూటర్లు. మార్కెట్ యార్డు దగ్గర ఒక ఉల్లి మండీలో బిల్లింగ్ మిషన్. ఒక కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ నడిచే అద్దె సర్వర్. అది ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది, నేను ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరాన ఉన్న మిషన్‌లోకి నెట్ ద్వారా భద్రంగా లాగిన్ అయ్యే దారి) దానిలోకి వెళ్తాను. నాలుగింటికీ ఒకే పద్ధతి పెట్టలేదు. ఏది ఎందుకు పెట్టుకున్నానో చెబితే మీ మిషన్‌కు ఏది సరిపోతుందో మీకే తేలుతుంది.

ముందు అది ఏ రకం అప్‌డేటో చూడండి

తెర మీద 47 అప్‌డేట్లు అని కనిపిస్తే ఆ 47 ఒక జాతివి కావు. అందులో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. ఆగాలా వద్దా అన్న గందరగోళం చాలావరకు వీటిని విడదీయకపోవడం వల్లే వస్తుంది.

మొదటిది సెక్యూరిటీ మరమ్మతు. డెబియన్ అనే లినక్స్‌లో నిలకడైన రకమైన స్టేబుల్, ఉబుంటులో ఎక్కువ ఏళ్ళు సపోర్టు ఉండే ఎల్‌టీఎస్ లాంటి వాటిలో ఎక్కువ ప్యాకేజీలకు (ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటకు) లోపం బయటపడితే కొత్త వెర్షన్ తెచ్చి పెట్టరు. ఆ లోపాన్ని సరిచేసే కొద్దిపాటి కోడ్‌ను పాత వెర్షన్‌లోకే తెచ్చి అతుకుతారు. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. సోనా మసూరి బస్తా అదే, బియ్యమూ అవే, మధ్యలో కనిపించిన రాయిని ఏరి ఇస్తున్నారంతే. అందుకే ఈ రకం అప్‌డేట్‌తో మిషన్ చెడటం అరుదు. బ్రౌజర్ లాంటివి కొన్ని దీనికి మినహాయింపు. ఫైర్‌ఫాక్స్‌కు నాలుగు వారాలకోసారి కొత్త వెర్షనే వస్తుంది. అయినా దాన్ని ఆపొద్దు, ఎందుకంటే బయటి ప్రపంచంతో రోజంతా మాట్లాడేది అదే.

రెండోది మామూలు సవరణలు. ఒక మెనూ సరిగ్గా తెరుచుకోవడం లేదు, ఒక స్కానర్‌ను గుర్తుపట్టడం లేదు, ఇలాంటివి. మీకు ఆ ఇబ్బంది లేకపోతే వారం, పది రోజులు ఆగినా పోయేదేమీ లేదు. ముఖ్యంగా గ్రాఫిక్స్ డ్రైవర్, ప్రింటింగ్, డేటాబేస్ ప్యాకేజీలు ఈ జాబితాలో ఉంటే నేను ఆగుతాను.

మూడోది వెర్షన్ మార్పు. ఉబుంటు 22.04 నుంచి 24.04కు, డెబియన్ 12 నుంచి 13కు వెళ్ళడం. అది ఒక సెలవు రోజంతా పెట్టుకోవాల్సిన పని.

విడదీయడం కష్టమేమీ కాదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ప్యాకేజీలు వేసే ఆప్ట్ అనే పనిముట్టును అప్‌గ్రేడ్ కావాల్సిన వాటి జాబితా అడిగితే, సెక్యూరిటీ కోసం వచ్చిన ప్యాకేజీ పేరు పక్కన సెక్యూరిటీ అన్న మాట ఉంటుంది. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో అయితే డాలు గుర్తు పెట్టి చూపిస్తారు.

రెండు సంఘటనలు, రెండు వేర్వేరు పాఠాలు

"కొత్తది వెంటనే వేసుకుంటే ముప్పు" అనేవాళ్ళ దగ్గరా, "ఆలస్యం చేస్తే ముప్పు" అనేవాళ్ళ దగ్గరా నిజమైన ఉదాహరణలే ఉన్నాయి. రెండూ చెబుతాను.

2014 ఏప్రిల్ 7న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో (నెట్‌లో మాటలను రహస్యంగా ఉంచడానికి సర్వర్లు వాడే లైబ్రరీ, అంటే చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్) హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్ నుంచీ అది అందులో ఉంది. బయటివాడు అడిగిన ప్రతిసారీ సర్వర్ తన మెమరీలోంచి 64 కేబీ దాకా తీసి ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, సర్వర్ రహస్య తాళంచెవి కూడా ఉండొచ్చు. మరమ్మతు అదే రోజు వచ్చింది. కానీ మరమ్మతు వచ్చిందంటే లోపం ఎక్కడుందో దొంగకూ తెలిసిపోయిందనే అర్థం. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పెరటి తలుపు గడియ ఊడిందని ఊరంతా దండోరా వేశాక, వడ్రంగిని ఆదివారం పిలుద్దాంలే అనుకునే ఇల్లు ఉంటుందా?

ఇప్పుడు రెండోది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారీలో పనిచేసే ఆయన, ఒక విషయం బయటపెట్టాడు. తన మిషన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోంటే ఎందుకో తవ్వుతూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని తేలింది. ఆ పని చేసిన ఖాతా అంతకుముందు రెండేళ్ళకు పైగా ఆ ప్రాజెక్టుకు బుద్ధిగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించుకుంది. ఆ వెర్షన్లు అప్పటికే డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటి ముందువరుస డిస్ట్రోల్లోకి (లినక్స్ రకాలను డిస్ట్రోలంటారు) వెళ్ళిపోయాయి. మన ఇంజినీరింగ్ పిల్లలు ఇష్టంగా వేసుకునే కాలీలో కూడా మార్చి 26 నుంచి 29 మధ్య అప్‌డేట్ చేసినవాళ్ళకు అది వచ్చింది. డెబియన్ స్టేబుల్‌లో ఉన్నది పాత 5.4.1 కాబట్టి దాని జోలికి రాలేదు.

ఈ రెండో సంఘటన చెప్పి "చూశావా, అప్‌డేట్ చేయకపోవడమే మంచిది" అనేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళు ఒకటి మరిచిపోతున్నారు. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ళను కాపాడింది పాత వెర్షన్‌లో ఉండటం. ఆ పాత వెర్షన్‌కు వచ్చే మరమ్మతులను మానేయడం ఎవరినీ కాపాడలేదు. మా పత్తికొండ, ఆలూరు వైపు వేరుశనగ వేసే రైతును చూడండి. తొలకరి నాలుగు చినుకులు రాలగానే విత్తనం వేయడు, పదును కోసం ఆగుతాడు. అదే రైతు ఆకు మీద పురుగు కనిపిస్తే మాత్రం వారం ఆగడు. కొత్త వెర్షన్ విషయంలో పదును చూడాలి. సెక్యూరిటీ మరమ్మతు విషయంలో పురుగును చూసినట్టు చూడాలి.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా సర్వర్ మీదకే వచ్చింది. 2024 జులై 1న, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ను నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక పెద్ద లోపం ప్రకటించారు. 2006లో ఒకసారి మూసిన రంధ్రమే 2020 అక్టోబరులో చేసిన ఒక మార్పుతో మళ్ళీ తెరుచుకుందట. 8.5 నుంచి 9.7 దాకా వెర్షన్లన్నిటిలో ఉంది. డెబియన్ 12లో ఉన్న 9.2 కూడా అందులోకే వస్తుంది. మర్నాడు పొద్దున వార్త చదివి గుండె గుభేలుమని సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే, ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్ దాన్ని అప్పటికే వేసేసి ఉంది. ఆ రోజు నుంచి నెట్‌కు ఎదురుగా నిలబడే మిషన్ ఏదైనా సరే, దాని సెక్యూరిటీ అప్‌డేట్లను మనిషి తీరిక కోసం ఆపకూడదని గట్టిగా నమ్ముతున్నాను.

నాలుగు పద్ధతులు, ఎవరికి ఏది

అన్నీ వచ్చిన గంటలోనే ఆటోమేటిక్‌గా వేసుకోవడం మొదటి పద్ధతి. శ్రమ ఉండదు, మరిచిపోవడం ఉండదు. ఇంట్లో సినిమాలు చూడటానికి, పిల్లల చదువుకు వాడే ల్యాప్‌టాప్‌కు ఇది సరిపోతుంది. పని మిషన్‌కు నేను పెట్టను. స్టేబుల్ అనే పేరున్న చోట కూడా ఒక్కోసారి చెడు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) జారిపోతుంది. 2023 డిసెంబరు 9, శనివారం నాడు డెబియన్ 12.3 విడుదల కావాల్సి ఉంది. అందులో ఉన్న 6.1.64 కెర్నల్‌లో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) మీద డేటా పాడయ్యే లోపం ఉందని తెలిసి విడుదలను ఆపేశారు. సరిచేసిన కెర్నల్‌తో మర్నాడు 12.4 ఇచ్చారు. శనివారం ఉదయమే లాగేసుకున్న మిషన్లకు టెన్షన్, సోమవారం చూద్దామనుకున్నవాళ్ళకు అసలు ఏం జరిగిందో కూడా తెలియదు. ఉబుంటు వాళ్ళు ఈ ముప్పు తెలిసే మామూలు అప్‌డేట్లను అందరికీ ఒకేసారి ఇవ్వరు. మొదట పదో వంతు మిషన్లకు ఇచ్చి, ఫిర్యాదులు రాకపోతే మెల్లగా పెంచుకుంటూ పోతారు. టెర్మినల్‌లో ఫేజింగ్ వల్ల ఆపాం అన్న మాట కనిపిస్తే అదే సంగతి. బలవంతంగా లాగొద్దు, మీ వంతు వస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లకు మాత్రం ఈ వంతులు లేవు.

రెండో పద్ధతి నా సలహా. సెక్యూరిటీవి ఆటోమేటిక్, మిగతావి వారానికి ఒకసారి చేత్తో. ఉబుంటులో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఆటోమేటిక్ ఏర్పాటు మొదటి నుంచీ సెక్యూరిటీ వరకు ఆన్ అయ్యే ఉంటుంది. మింట్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి మీరే పెట్టుకోవాలి. జిరాక్సు షాపు, మండీ, ఇంటి నుంచి పనిచేసుకునే అకౌంటెంటు, సొంతంగా డీటీపీ చేసుకునేవాళ్ళు, వీళ్ళందరికీ ఇదే సరైనది. వారంలో ఒక రోజు, ఒక గంట ఖాయం చేసుకోండి. షాపులో ఆదివారం సాయంత్రం ఏడు గంటలు ఆ గంట. రోజు ఖాయం కాకపోతే "రేపు చూద్దాం" అనే మాట మూడు నెలలు నడుస్తుంది. అప్పుడు 300 ప్యాకేజీలు ఒకేసారి మీద పడతాయి. ఏదైనా చెడితే ఆ 300లో ఏది చెరిపిందో పట్టుకోవడం నరకం.

మూడో పద్ధతి బడి ల్యాబులో పెట్టాను. ముందు ఒక మిషన్, తర్వాత మిగతావి. శుక్రవారం సాయంత్రం ల్యాబులోనే ఉన్న టీచర్ కంప్యూటర్ మీద అప్‌డేట్ వేస్తాను. అది మంగళవారం దాకా మామూలుగా పనిచేస్తే ల్యాబులో మిగతా 19కి పెడతాను. పరీక్షల వారంలో అయితే సెక్యూరిటీ తప్ప ఏదీ కదపను. ఒకే రకం మిషన్లు అయిదుకు మించి ఉంటే ఇదే చేయండి. ఇంకో సంగతి, 20 కంప్యూటర్లు ఒకే ప్యాకేజీని 20 సార్లు డౌన్‌లోడ్ చేస్తే బడి నెట్ కుంగిపోతుంది. ఒక్కోదానికి 300 ఎంబీ అనుకున్నా మొత్తం 6 జీబీ. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్యాకేజీని ఒక పాత కంప్యూటర్‌లో వేసి, మిగతా వాటిని దాని వైపు తిప్పాను. మొదటిది దింపిన ప్యాకేజీనే అది దాచి అందరికీ పంచుతుంది. దీన్ని పెట్టడానికి నాకు పట్టింది అరపూట, కానీ అప్పటి నుంచి ల్యాబు అప్‌డేట్ అంటే హెడ్‌మాస్టర్ విసుక్కోవడం మానేశారు.

నాలుగోది, పని చేస్తోంది కదా, ముట్టుకోవద్దు అనేది. మండీకి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు 2024. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి మిషన్ గురించి గొప్పగా చెప్పారు. "చూడు నాయనా, ఏడాది నుంచి ఒక్క అప్‌డేట్ అడగలేదు. ఎంత నిమ్మళంగా ఉందో!" చూస్తే ఉబుంటు 18.04. దానికి మామూలు సపోర్టు 2023 మే 31తో ముగిసింది. అది అడగకపోవడానికి కారణం, ఇచ్చేవాళ్ళు ఆపేయడం. ఆ మిషన్‌లోనే మండీ లెక్కలు, రైతుల బాకీలు, బ్యాంకు లాగిన్ అన్నీ ఉన్నాయి. ఉల్లి వచ్చే సీజన్ మధ్యలో వెర్షన్ మార్చే ధైర్యం చేయలేదు. అయిదు మిషన్ల దాకా ఉచితంగా ఇచ్చే ఉబుంటు ప్రో అనే సేవకు కలిపాను. దాంతో పాత వెర్షన్‌కే సెక్యూరిటీ మరమ్మతులు మళ్ళీ రావడం మొదలైంది. సీజన్ అయ్యాక కొత్త డిస్క్ పెట్టి 22.04 వేశాను.

కదపకుండా ఉంచగలిగే మిషన్ ఒకటే రకం. నెట్ కేబుల్ లేనిది, వైఫై లేనిది, పెన్‌డ్రైవ్ పెట్టనిది. కాటా దగ్గర తూకం మాత్రమే రాసుకునే కంప్యూటర్ అలాంటిదైతే వదిలేయండి. వారానికోసారి అయినా నెట్ తగిలించేదైతే అది ఈ కోవలోకి రాదు.

అప్‌డేట్ పడింది, కానీ రీస్టార్ట్ కాలేదు

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. అప్‌డేట్ కొట్టారు, అన్నీ పచ్చగా కనిపించాయి, అయిపోయిందనుకున్నారు. కెర్నల్ అప్‌డేట్ డిస్క్ మీదకు వస్తుంది కానీ, మిషన్ రీస్టార్ట్ అయ్యేదాకా నడిచేది పాత కెర్నలే. సర్వర్‌ను ఆరు నెలలుగా ఆపలేదని గొప్పగా చెప్పుకుంటే, రీస్టార్ట్ లేకుండానే కెర్నల్‌కు మరమ్మతు అతికే లైవ్‌ప్యాచ్ లాంటి ఏర్పాటు లేకపోతే, ఆరు నెలల కెర్నల్ లోపాలు అందులో తెరిచే ఉన్నాయని అర్థం.

లైబ్రరీలది ఇంకా సన్నని సంగతి. హార్ట్‌బ్లీడ్ రోజుల్లో చాలామంది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌డేట్ వేసుకొని ఊపిరి పీల్చుకున్నారు. కానీ అప్పటికే నడుస్తున్న వెబ్ సర్వర్ పాత లైబ్రరీని మెమరీలో పట్టుకొనే ఉంటుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తేనే కొత్తది ఎక్కుతుంది. డెబియన్, ఉబుంటులో నీడ్‌రీస్టార్ట్ అనే పనిముట్టు ఏ సర్వీసు ఇంకా పాతదాన్ని పట్టుకొని ఉందో చెబుతుంది. మొత్తం మిషన్ రీస్టార్ట్ అవసరమైతే ఉబుంటు వార్ డైరెక్టరీ కింద రన్‌లో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు పెడుతుంది. ఆ ఫైలు ఉందో లేదో చూడటమే నా సోమవారం ఉదయపు మొదటి పని.

అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ తనంతట తాను రీస్టార్ట్ చేయదు, మీరు చెబితే తప్ప. కోచింగ్ సెంటర్ సర్వర్‌కు తెల్లవారుజామున మూడున్నరకు చేసుకోమని పెట్టాను. ఆ వేళ ఎవరూ మాక్ టెస్టు రాయరు. షాపు మిషన్ ఎలాగూ రోజూ రాత్రి ఆపేస్తారు కాబట్టి దానికి ఈ బాధ లేదు. రీస్టార్ట్ అస్సలు కుదరని చోట లైవ్‌ప్యాచ్ ఉంది, నడుస్తున్న కెర్నల్‌కే ముఖ్యమైన సెక్యూరిటీ మరమ్మతులు అతుకుతుంది. అయినా నెలకోసారి నిజమైన రీస్టార్ట్ ఇవ్వండి. మిషన్ మళ్ళీ లేస్తుందో లేదో అవసరం లేని రోజున తెలుసుకోవడం మంచిది.

ఏ డిస్ట్రో వేసుకున్నారన్నదే సగం జవాబు

ఎంత ఆగాలన్నది మీరొక్కరే నిర్ణయించేది కాదు. డిస్ట్రో తయారుచేసేవాళ్ళు మీ తరఫున ముందే కొంత ఆగుతారు. డెబియన్ రెండేళ్ళకోసారి వెర్షన్ ఇచ్చి, తర్వాత మొత్తం అయిదేళ్ళు మరమ్మతులు ఇస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ కూడా అయిదేళ్ళు. ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే ఆయుష్షు. ఆర్చ్‌లో వెర్షన్లే లేవు, కొత్తది వస్తూనే ఉంటుంది.

ఆర్చ్‌లో ఒక కఠినమైన నియమం ఉంది. ఒక ప్యాకేజీ మాత్రం కొత్తది వేసుకొని మిగతావి పాతవి ఉంచుకోవడం కుదరదు. వేస్తే అన్నీ వేయాలి. వేసే ముందు వాళ్ళ వార్తల పేజీ చదవాలి, చేత్తో చేయాల్సిన పని ఏదైనా ఉంటే అక్కడ రాస్తారు. చదువుకునే పిల్లలకు ఇది గొప్ప బడి. పాడుచేసుకొని బాగుచేసుకుంటే లినక్స్ ఒంటబడుతుంది. కానీ మూడు నెలలు ముట్టుకోకుండా వదిలేస్తే తిరిగి దారికి తేవడానికి ఒక పూట పోతుంది. మొన్న ఒక కుర్రాడు "సార్, నాన్న షాపు బిల్లింగ్‌కు ఆర్చ్ వేసినా" అన్నాడు. వెంటనే తీసేసి డెబియన్ వెయ్యమన్నాను. కాలీ కూడా అంతే. అది సెక్యూరిటీ పరీక్షలు చేసే పనిముట్టు, రోజువారీ బ్యాంకు పనికి వాడే మిషన్ కాదు.

కొత్తదీ కావాలి, భయమూ ఉంది అనేవాళ్ళకు టంబుల్‌వీడ్ ఒక దారి. ప్రతి అప్‌డేట్ ముందూ వెనకా డిస్క్ చిత్రం దాచుకుంటుంది, చెడితే బూట్ మెనూలోనే నిన్నటి స్థితికి వెళ్ళిపోవచ్చు.

వెర్షన్ మార్పుకు ఎంత ఆగాలి

ఉబుంటు ఎల్‌టీఎస్ ఏప్రిల్‌లో వస్తుంది. పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్ళకు అది మామూలుగా వెంటనే కనిపించదు, మొదటి సవరణ విడుదల పాయింట్ వన్ వచ్చాకే అడుగుతుంది. 24.04.1 ఆగస్టు 15న రావాల్సింది, సరిచేయాల్సినవి మిగిలి ఉండి 2024 ఆగస్టు 29కి వచ్చింది. వాళ్ళే అన్ని నెలలు ఆగితే మనకు తొందర దేనికి? నేను దాని మీద ఇంకో నెల వేసుకుంటాను. అయితే పాతదాని సపోర్టు ముగిసే తేదీ కంటే కనీసం మూడు నెలల ముందే పని పూర్తికావాలి. మధ్యలో ఒక ఎల్‌టీఎస్‌ను దాటేసి దూకడం కుదరదు. 20.04 నుంచి 24.04కు వెళ్ళాలంటే 22.04 మీదుగానే వెళ్ళాలి. అంత వెనకబడితే డేటా తీసి పెట్టుకొని కొత్తగా వేసుకోవడమే తక్కువ నొప్పి.

కరెంటు, వేళ, బ్యాకప్

మన ఊళ్ళలో అప్‌డేట్‌కు అసలు శత్రువు కరెంటు. ప్యాకేజీలు పరుచుకుంటున్న మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ సగం పాతది, సగం కొత్తది అయి నిలబడుతుంది. మే నెల సాయంత్రం గాలివాన మబ్బు పట్టినప్పుడు అప్‌డేట్ మొదలుపెట్టకండి. యూపీఎస్ బ్యాటరీ అరగంటైనా నిలుస్తుందో లేదో ముందు చూసుకోండి.

షాపులవాళ్ళకు తెలియని ఒక సంగతి ఉంది. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌డేట్ వేసే వేళ ఉదయం ఆరు తర్వాత. అప్పుడు మిషన్ ఆఫ్‌లో ఉంటే, మీరు ఆన్ చేసిన కాసేపట్లో ఆ మిగిలిన పని మొదలవుతుంది. అంటే తొమ్మిదిన్నరకు షాపు తెరిచిన కాసేపటికి. తెర మీద ఏమీ కనిపించదు, మిషన్ కాస్త మందగిస్తుంది, అంతే. ఆ మందం చూసి విసుగెత్తి మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే పని పాడవుతుంది. పది నిమిషాలు ఓపిక పట్టమని మా షాపు కుర్రాడికి చెప్పి పెట్టాను. ఉబుంటులో ఉండే స్నాప్ అనే ఇంకో రకం ప్యాకేజీలది వేరే లెక్క. అవి రోజుకు నాలుగు సార్లు తమంతట తామే చూసుకుంటాయి. ఆన్‌లైన్ పరీక్ష అప్లికేషన్లు నింపే చివరి రోజుల్లో వాటిని కొన్ని రోజులు ఆపి ఉంచే వీలుంది, వాడుకోండి.

బ్యాకప్ గురించి ఒక్క మాట. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు నేను పనిచేసే చోట బ్యాకప్ సీడీలు కంప్యూటర్ల పక్క బీరువాలోనే ఉన్నాయి. కంప్యూటర్లతో పాటే అవీ బురదలోకి పోయాయి. ఇప్పుడు మండీ లెక్కల కాపీ ఒకటి పెద్దాయన ఇంట్లో, ఒకటి నెట్‌లో ఉంటుంది. చెడితే వెనక్కి వెళ్ళడానికి వాడే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము దాచేది సిస్టమ్ ఫైళ్ళనే అని కూడా గుర్తుంచుకోండి. మీ డాక్యుమెంట్లను అది మామూలుగా ముట్టుకోదు, వాటికి వేరే కాపీ ఉండాలి.

చెడితే ఏం చేయాలి

తెర నల్లగా ఉండిపోతే ముందు కంగారుపడకండి. కొత్త కెర్నల్, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకదానికొకటి కుదరకపోతే ఇలా అవుతుంది. ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే గ్రబ్ అనే బూట్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి కిందున్న పాత కెర్నల్‌ను ఎంచుకోండి. ఇందుకోసమే పాత కెర్నల్‌ను ఒకటైనా మిషన్ ఉంచుకుంటుంది. కరెంటు పోయి సగంలో ఆగిన సందర్భంలో ప్యాకేజీలను డిస్క్ మీద పరిచే డీపీకేజీ అనే పనిముట్టును మిగిలిన కాన్ఫిగర్ పని పూర్తిచేయమంటే చాలాసార్లు అక్కడి నుంచే అందుకుంటుంది.

ఏ ప్యాకేజీ మారడం వల్ల చెడిందో తెలియాలంటే ఆప్ట్ హిస్టరీ లాగ్ చూడండి. ఏ తేదీన, ఏ గంటకు, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో వరుసగా రాసి ఉంటుంది. దొరికాక పాత వెర్షన్ వేసి, అది మళ్ళీ మారకుండా ఆప్ట్‌లో హోల్డ్ పెట్టొచ్చు. హోల్డ్ పెట్టింది మరిచిపోతే అదో కొత్త ప్రమాదం. షాపులో ఒక ప్యాకేజీని అలా ఆపి ఎనిమిది నెలలు మరిచిపోయాను, దానికి వచ్చిన మరమ్మతులన్నీ ఆగిపోయాయి.

అందుకే ఇప్పుడు ఆ షాపు సీపీయూ పక్కన ఒక కాగితం అంటించాను. ఆఖరి అప్‌డేట్ తేదీ, హోల్డ్‌లో ఉన్న ప్యాకేజీ పేరు, దాన్ని మళ్ళీ చూడాల్సిన తేదీ. కింద ఎర్ర పెన్నుతో ప్రింటర్ ప్లగిన్ వెర్షన్. ఆదివారం అప్‌డేట్ అయ్యాక మిషన్ రీస్టార్ట్ చేసి, ఒక తెలుగు అర్జీ, ఒక ఆధార్ కాపీ, రెండు వైపులా ఒక పేజీ ప్రింట్ తీసి, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడ్డాయో లేదో షాపాయన చేత చూపించుకున్నాకే ఇంటికి బయలుదేరుతున్నాను.